ఒక పొయ్యి, మూడు పథ్యాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి. ఇంట్లో ఒకరికి షుగర్, ఒకరికి కిడ్నీ, ఇంకొకరికి గోధుమ పడదు. వండేది మాత్రం ఒక్కరే. ముగ్గురికీ మూడు వంటలంటే పది రోజుల్లో ఓపిక అయిపోతుంది, దాంతో పాటే పథ్యమూ ఆగిపోతుంది. అందుకే దాదాపు ప్రతి జవాబులోనూ మేం చెబుతున్నది ఒకటే. వంట ఒకటే చేయండి, దాన్ని ఎక్కడ విడదీయాలో తెలుసుకోండి. ఉప్పు పడకముందా, చింతపండు పడకముందా, తాలింపు దగ్గరా, అసలు పిండి పట్టించే దగ్గరేనా అన్నది జబ్బును బట్టి మారుతుంది. ఎవరు ఏది ఎంత తినాలో డాక్టరో డైటీషియనో చెప్పాలి. ఆ లెక్కను గిన్నెలోకి ఎలా తేవాలన్నదే ఇక్కడి సంగతి. చెంచా అన్నచోట 5 మి.లీ. టీస్పూను అనుకోండి. కప్పు ఏదైనా సరే, ఒక వంటకానికి మొదటి నుంచి చివరి దాకా అదే కప్పు వాడండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి వాళ్లు సంక్రాంతికి వస్తున్నారు. ఎనిమిదేళ్ల మనవడికి సీలియాక్ జబ్బని తేలింది, గోధుమ అసలు తగలకూడదట. మనం తినేది అన్నమే కదా, పెద్ద కష్టం ఉండదనుకుంటున్నాను. పండగ పిండివంటలు, ప్రసాదం సంగతి చెప్పండి.
— ఒక అమ్మమ్మ, విజయవాడ

అమ్మా, అన్నం తినే ఇల్లు కాబట్టి సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కంటికి కనబడని గోధుమతో. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఆ బాబు పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. కొద్దిగా తిని, పైకి ఏ బాధా కనబడకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ గ్లూటెన్ లేనిదని రాసుకోవడానికి పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు. అంటే చపాతీ పీట మీద మిగిలిన పిండి దుమ్ము కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

మైదా, గోధుమ రవ్వ, సేమియా సంగతి అందరికీ తెలుసు. బొంబాయి రవ్వ కూడా గోధుమేనని చాలామంది గుర్తుపెట్టుకోరు. బార్లీ జావ, పాలల్లో కలిపే మాల్టు పొడులు పనికిరావు. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బకొట్టేది ఇంగువ. డబ్బాల్లో దొరికే ఇంగువ పొడిలో చాలా రకాలకు గోధుమ పిండో మైదానో కలుపుతారు. వెనక రాసిన దినుసులు చదవండి. అనుమానంగా ఉంటే ఆ పది రోజులూ ఇంగువ మానేసి వెల్లుల్లితో తాలింపు పెట్టండి. బజారు సాంబారు పొడి, పులిహోర పొడిలోనూ ఇదే ఇంగువ ఉంటుంది.

ఇక పిండిమర. మీకు ముందు పట్టించిన వాళ్ల గోధుమలు ఆ రాళ్ల మధ్య ఇంకా ఉంటాయి. కాబట్టి బియ్యప్పిండి, శనగపిండి మరలో పట్టించొద్దు, ఇంట్లో మిక్సీలో పట్టండి. జల్లెడ కొత్తది కొనండి. పాత జల్లెడ కన్నాల్లోని గోధుమ పిండి ఎంత కడిగినా పోదు. చపాతీ పీట, కర్ర, చెక్క గరిటె అతని వంటకు వాడకండి. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. అతని వంటను విడదీయాల్సింది తాలింపు దగ్గర కాదు, సరుకులు కొనే దగ్గరే.

పిండివంటల్లో అరిసెలు, సకినాలు పుట్టుకతోనే బియ్యప్పిండివి కాబట్టి నిశ్చింతగా చేయండి. బొబ్బట్లు, మైదా కజ్జికాయలు, గవ్వలు ఈసారికి మానేయండి. చేయక తప్పదంటే బాబువి ముందు వేయించి తీశాకే అవి మూకుట్లో పడాలి. గవ్వలు వేగిన నూనెలో వేసిన అరిసె అతనికి పనికిరాదు.

బొబ్బట్లకు బదులు పూర్ణం బూరెలు చేయండి, పిల్లాడికి ఏ లోటూ తెలియదు. పై పొరకు వాడే తోపుపిండికి మినప్పప్పు 1 కప్పు, బియ్యం 2 కప్పులు కలిపి 5 గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీళ్లతో మెత్తగా రుబ్బి, చిటికెడు ఉప్పు కలపండి. పూర్ణానికి శనగపప్పు 1 కప్పు 2 గంటలు నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే మెదిగేలా ఉడికించండి, చెదిరిపోకూడదు. నీళ్లన్నీ వార్చేయండి, అవి చారుకు బాగుంటాయి. పప్పు మెదిపి, తరిగిన బెల్లం 1 కప్పు వేసి సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే ముందు పలచబడుతుంది, తర్వాత గట్టిపడి గిన్నె అంచులను వదులుతుంది. చల్లారాక ఉండ చేస్తే చేతికి అంటకూడదు. ఈ దశ రాకముందే దించితే బూరె నూనెలో పేలుతుంది. పూర్ణంలో మిగిలిన తడి ఆవిరై, పై పొరను చీల్చుకుని వస్తుంది. తోపుపిండి పలచనైనా అంతే, ఉండకు అక్కడక్కడ పొర అంటక పూర్ణం నూనెలోకి కారి మాడుతుంది. వేలు ముంచి తీస్తే గోరు కనబడనంత మందంగా పిండి అంటాలి. పలచనైతే ఇంట్లో పట్టిన బియ్యప్పిండి ఒకటి రెండు చెంచాలు కలపండి. పూర్ణం తడిగా ఉంటే మళ్లీ పొయ్యి మీద పెట్టడమే మందు. నూనె మధ్యస్థంగా కాగాలి, మూకుడుకు నాలుగైదుకు మించి వేయకండి. పై పొర గట్టిపడే దాకా గరిటె పెట్టకండి.

ప్రసాదానికి బొంబాయి రవ్వ బదులు ఇడ్లీ రవ్వ, అంటే బియ్యపు రవ్వ. పొట్లం మీద గోధుమ ఆనవాళ్లు ఉండవచ్చన్న హెచ్చరిక లేనిది చూసి తీసుకోండి, లేదా బియ్యం కడిగి ఆరబెట్టి మిక్సీలో రవ్వ చేసుకోండి. రవ్వ 1 కప్పును పావు కప్పు నేతిలో దోరగా వేయించి, మరిగే నీళ్లు 3 కప్పులు పోసి, మూతపెట్టి సన్నసెగ మీద 10 నిమిషాలు ఉంచండి. రవ్వ పూర్తిగా ఉడికాకే పంచదార 1 కప్పు వేయాలి. ముందే వేస్తే నీళ్లను పంచదార పట్టేసుకుంటుంది, రవ్వ పలుకుగా ఉండిపోతుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా మెత్తబడదు. చివర మరో పావు కప్పు నెయ్యి, జీడిపప్పు, యాలకుల పొడి.

ప్రశ్న: మా నాన్నకు కిడ్నీ జబ్బు. డయాలసిస్ దాకా రాలేదు. రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉందని ఆకుకూరలు, టమాటా, దుంపలు తగ్గించమన్నారు. ఇంట్లో ఐదుగురం. ఆయనకు వేరుగా వండితే మనసు కష్టపెట్టుకుంటున్నారు. కూరగాయలు నీళ్లలో నానబెడితే పొటాషియం పోతుందంటారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, పలాస

నానబెడితే పోయేది కొద్దిగానే. ఉడికించి వార్చితేనే చెప్పుకోదగ్గంత పోతుంది. పొటాషియం నీళ్లలో కరుగుతుంది కానీ, ముక్క పచ్చిగా ఉన్నంతసేపు దాన్ని లోపలి కణాలు పట్టుకుని ఉంటాయి. వేడికి కణాల పొరలు తెగాకే బయటికి వస్తుంది. అందుకే గంటల తరబడి చన్నీళ్లలో పెట్టిన ఆలుగడ్డకంటే, చిన్న ముక్కలుగా కోసి పది నిమిషాలు ఉడికించి వార్చిన ఆలుగడ్డ మీ నాన్నగారికి మేలు.

చెక్కు తీసి, అరంగుళం మించకుండా ముక్కలు కోయండి. ముక్కలకు కనీసం అయిదింతల నీళ్లు మరిగించి, అందులో వేసి, మూత లేకుండా 10 నిమిషాలు ఉడికించండి. చిల్లుల గిన్నెలో వార్చి, ఆ నీళ్లు పారబోయండి. ఇక్కడే మన పొదుపు అలవాటు అడ్డొస్తుంది. కూర ఉడికిన నీళ్లు బలమని చారులో పోస్తాం. మీ నాన్నగారి విషయంలో ఆ నీళ్లలో ఉన్నదే వద్దన్నది. కుక్కర్లో కాసిని నీళ్లతో ఉడికించినా, ఆవిరి మీద ఉడికించినా ఈ ప్రయోజనం రాదు, పొటాషియం పోవడానికి దారి ఉండదు. వార్చడం వల్ల కొన్ని విటమిన్లు కూడా పోతాయి, అది తప్పదు.

రోజువారీకి సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, క్యాబేజీ నయం. పాలకూర, తోటకూర, మునగాకు, కంద, చేమ, టమాటా ఎక్కువ పొటాషియం ఉన్నవి. చింతపండు పులుసులోనూ తక్కువేం లేదు. ఆయన వాటాకు నిమ్మరసం అరచెంచా పిండితే పులుపు వస్తుంది, పొటాషియం లెక్క పెద్దగా పెరగదు. మీది ఉద్దానం, కొబ్బరి సీమ. ఒక్క బొండం నీళ్లలో 500 మి.గ్రా.కు పైగా పొటాషియం ఉంటుంది. వచ్చినవాళ్లు చలవ చేస్తుందని కొట్టిస్తారు. ఆయనకు అది మంచినీళ్లలాంటిది కాదని ఇంటిల్లిపాదికీ తెలియాలి. జీడిపప్పు కూడా గుప్పెళ్లతో తినేది కాదు.

ఒకే పప్పు నుంచి అందరికీ ఎలాగంటే, కందిపప్పును వేడినీళ్లలో 2 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు వార్చి, కొత్త నీళ్లతో ఉత్తగా ఉడికించండి. ఉప్పు, పులుపు, కూరగాయ ఏదీ అప్పుడే వేయొద్దు. డైటీషియన్ చెప్పిన కొలతకు ఆయన వాటా చిన్న గిన్నెలోకి తీయండి. అందులో ఉడికించి వార్చిన సొరకాయ ముక్కలు కలిపి, ఆయనకు చెప్పినంతే ఉప్పు వేసి, నిమ్మరసం పిండండి. పెద్ద గిన్నెలో మామూలుగా టమాటా, చింతపండు, ఉప్పు. తాలింపు మాత్రం రెంటికీ ఒకటే, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. పావు గరిటె అటు, మిగతాది ఇటు. కంచంలోకి వచ్చేసరికి ఇంట్లో అందరిదీ పప్పే, వాసనా ఒకటే. వేరు వంటన్న బాధ చాలావరకు ఇక్కడ పోతుంది.

రెండు జాగ్రత్తలు. బజార్లో సోడియం తక్కువ ఉప్పని అమ్మేదాంట్లో సోడియం స్థానంలో వేసేది పొటాషియం క్లోరైడ్. మీ ఇంట్లోకి ఆ పొట్లం రానే రాకూడదు. రెండోది, కిడ్నీ అనగానే పప్పు, గుడ్డు పూర్తిగా మానిపించేవాళ్లున్నారు. డయాలసిస్‌కు ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు, డయాలసిస్ మొదలయ్యాక పెంచమంటారు. ఇప్పుడెంత అన్నది డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మా వారికి బీపీ. ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు. ఆవకాయలోనే ఉప్పు తగ్గించి పెట్టొచ్చా? సైంధవ లవణం వాడితే?
— ఒక పాఠకురాలు, గుంటూరు

ఏడాది ఆవకాయలో ఉప్పు తగ్గించొద్దు. ఆ జాడీని బూజు పట్టకుండా కాపాడుతున్నది ఉప్పు, దాని తర్వాత నూనె. ఉప్పు తగ్గిస్తే ముక్క మెత్తబడి, పైన తెల్లటి పొర కడుతుంది. తగ్గించాల్సింది కంచంలో. పెద్ద చెంచాడు ఆవకాయలో ఇంచుమించు గ్రామున్నర నుంచి 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది మనిషికి 5 గ్రాముల లోపు. కాబట్టి రోజుకు ఒక ముక్క, ఒక పూట, ఆ పూట కూరలో ఉప్పు వేయకుండా. ఉప్పు లేని ముద్దపప్పు, నెయ్యి, ఒక ఆవకాయ ముక్క కలిపితే ఆ అన్నానికి ఇంకేం అక్కర్లేదు.

మిగతా పూటలకు అప్పటికప్పుడు కలిపే మామిడికాయ ముక్కలు. సన్నగా తరిగిన కాయ 1 కప్పు, ఆవపిండి 1 చెంచా, కారం 2 చెంచాలు, ఉప్పు అరచెంచా, కాచి చల్లార్చిన నూనె 3 చెంచాలు. గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

సైంధవ లవణమైనా, నల్ల ఉప్పైనా, సముద్రపు కల్లుప్పైనా దాదాపు అంతా సోడియం క్లోరైడే. పేరు మారితే బీపీ తగ్గదు. కూరలో తగ్గించడానికి మేం చెప్పే కిటుకు ఒకటే, ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు ఉప్పు వేయడం. లోపలికి ఇంకకుండా పైపైన ఉన్న ఉప్పు నాలుకకు వెంటనే తెలుస్తుంది, సగం వేసినా సరిపోయినట్టుంటుంది. ఆయన వాటా తీసేశాక మిగతా వాళ్లకు ఇంకాస్త కలుపుకోవచ్చు. నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు, వెల్లుల్లి ఆ లోటును చాలావరకు తీరుస్తాయి. నువ్వుల పొడిలో ఉప్పు లేకపోయినా బాగానే ఉంటుంది. 1 కప్పు నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, 6 ఎండుమిర్చి, చెంచా జీలకర్ర, 4 వెల్లుల్లి రెబ్బలతో బరకగా పట్టండి.

అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బజ్జీ పిండిలో వేసే సోడా లెక్కలోకి రాకుండా జారిపోయేవి. వంటసోడా చెంచాడులోనే 1200 మి.గ్రా. దాకా సోడియం ఉంటుంది. ఇంటి లెక్క తెలియాలంటే ఉప్పు పొట్లం మీద విప్పిన తేదీ రాయండి. నలుగురి ఇంట్లో కిలో ఉప్పు 50 రోజులు రావాలి. నెలకే అయిపోతోందంటే చేయి ఎంత ధారాళంగా ఉందో తెలిసిపోతుంది. ఆవకాయ జాడీలో పోసిన ఉప్పు దీనికి అదనం.

ప్రశ్న: మా అత్తమ్మకు షుగర్. అన్నం బందు చేసి పొద్దున రాగి జావ, రాత్రి జొన్న రొట్టె పెడుతున్నం. అయినా షుగర్ తగ్గుతలేదు. రొట్టె కూడా తట్టేటప్పుడు అంచులు పగులుతున్నయి.
— ఒక కోడలు, కరీంనగర్

ముందు షుగర్ సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, రాగుల్లో, జొన్నల్లో 67–68 గ్రాములు. తేడా ఉంది కానీ, ఎంతైనా తినొచ్చనేంత తేడా కాదు. మెత్తటి పిండిని నీళ్లలో బాగా ఉడికించి, నమలకుండా తాగేది జావ. అది త్వరగా అరుగుతుంది, షుగర్ కూడా త్వరగానే పెరుగుతుంది. అందులో బెల్లం పడితే చెప్పక్కర్లేదు, షుగర్ విషయంలో బెల్లమూ చక్కెరా ఒకటే. అవే రాగులు సంగటి చేసి, ఆకుకూర పప్పుతో చిన్న ముద్ద పెడితే నెమ్మదిగా అరుగుతుంది. పొద్దున పూటకు పెసరట్టు ఇంకా మంచిది. పెసలు 1 కప్పు 6 గంటలు నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చితో రుబ్బి పోయండి. బియ్యం కలపాల్సిన పనిలేదు. అట్టు విరుగుతోందంటే పిండి బరకగా ఉందని అర్థం.

అన్నం పూర్తిగా మాన్పించనవసరం లేదు. ఇంటిల్లిపాదికీ వండిన అన్నమే ఆమెకూ కొలిచి పెట్టండి. విడదీయాల్సింది కంచంలోనే. మన భోజనంలో కూర నంజుకునేంతే ఉంటుంది, అసలు లోపం అక్కడుంది. ముందు కూర ఒక కప్పు నిండా, పప్పు అర కప్పు కంచంలో పెట్టి, మిగిలిన చోటులోకే అన్నమో రొట్టో రావాలి. అంటే మీరు కొనే కూరగాయలు రెట్టింపు కావాలి. ఒక మాట, ఆమె ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతుంటే అన్నం ఒక్కసారిగా సగం చేయకండి, షుగర్ మరీ పడిపోవచ్చు. డాక్టరుకు చెప్పి తగ్గించండి.

ఇక రొట్టె. జొన్నపిండిలో గోధుమలో ఉండే సాగుడు లేదు. పిండిని కలిపి ఉంచేది వేడినీళ్లకు ఉబ్బి జిగటైన గంజి మాత్రమే. కాబట్టి నీళ్లు గోరువెచ్చగా కాదు, తెర్లుతుండాలి. పిండి 1 కప్పు పళ్లెంలో తీసుకుని, తెర్లే నీళ్లు ముప్పావు కప్పు పోసి, గరిటెతో కలిపి మూతపెట్టండి. 5 నిమిషాలయ్యాక చేయి పట్టే వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో నూరినట్టు 5 నిమిషాలు పిసకండి. పొడిగా అనిపిస్తే వేడినీళ్లు చెంచా చెంచాగా చల్లండి. ఉండ నున్నగా ఉండాలి, బొటనవేలితో నొక్కితే అంచు పగలకూడదు. పగిలితే తట్టడం మొదలుపెట్టకండి, ఇంకో చెంచా నీళ్లతో మళ్లీ పిసకండి. ఒక్కో రొట్టెకు ఉండను అప్పటికప్పుడు పిసికి తీసుకోవాలి, ముందే చేసిపెడితే ఆరిపోతుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవండి, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆలస్యమైతే పైన పగుళ్లు వస్తాయి.

ఇంత చేసినా విరుగుతోందంటే పిండి పాతది. పట్టించి నెల దాటిన జొన్నపిండికి చేదు వస్తుంది, పట్టు తగ్గుతుంది. పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి. కొందరు తేలిగ్గా ఉంటుందని గోధుమ పిండి సగం కలుపుతారు. తప్పేం లేదు, కానీ దాన్ని జొన్న రొట్టె అని లెక్కేసుకోకండి.

ప్రశ్న: మా మామగారికి పక్షవాతం వచ్చి తగ్గింది. అన్నం తింటుంటే, ముఖ్యంగా చారన్నం తింటుంటే పొలమారుతోంది. మెత్తగా పెడుతున్నా ఎందుకిలా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

చారన్నంలో మెతుకు ఒకటి, నీళ్లు ఒకటి. మింగే పట్టు తగ్గినవాళ్లు మెతుకు నములుతుండగానే పలచటి చారు ముందుగా గొంతులోకి జారి, శ్వాసనాళం వైపు పోతుంది. మెత్తగా ఉండటం చాలదు, ముద్ద మొత్తం ఒకే తీరుగా ఉండాలి. ముందు మింగే పరీక్ష చేయించండి. పెద్ద ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టులు చేస్తారు. ఎంత చిక్కగా పెట్టాలో, మంచినీళ్లను కూడా చిక్కపరచాలో లేదో వాళ్లే చెబుతారు.

ఆ లోగా బియ్యం ముప్పావు కప్పు, పెసరపప్పు పావు కప్పు, నీళ్లు 5 కప్పులతో కుక్కర్లో బాగా మెత్తగా ఉడికించి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. గరిటె వంచితే ధారగా కారకూడదు, ముద్దగా జారాలి. చల్లారితే బిగుసుకుంటుంది కాబట్టి పెట్టే ముందు వేడినీళ్లతో సరిచేయండి. ఆవాలు, కరివేపాకు, మిరపతొక్కు గొంతులో అడ్డం పడేవి. రుచి కోసం నేతిలో తాలింపు వేసి, టీ వడపోసే జల్లెడలో వడగట్టి, ఆ నెయ్యి మాత్రమే కలపండి. మిగతా తాలింపు ఇంట్లోవాళ్ల పొంగలిలోకి పోతుంది.

ఉప్మా, అటుకులు, పొడి అన్నం, పొడిగా ఉన్న ఇడ్లీ ముక్క, బిస్కెట్టు వద్దు. రాగి సంగటి మెత్తగా కనబడుతుంది గానీ అంటుకుంటుంది, అదీ వద్దు. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టండి, మింగారని చూశాకే రెండోది. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. తిన్న తర్వాత గొంతు తడిగా గరగరలాడుతున్నా, తరచూ జ్వరం వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఏడో నెల బాబుకు ఉగ్గు పెడుతున్నాం. ఉండలు కడుతోంది. చప్పగా ఉందని పెద్దవాళ్లు ఉప్పు, తేనె వేయమంటున్నారు.
— ఒక తల్లి, బెంగళూరు

ఏడాది నిండే దాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలు వద్దు. అందులో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. చప్పదనం మీకు తెలుస్తుంది, వాడికి తెలియదు.

బియ్యం 3 వంతులు, పెసరపప్పు 1 వంతు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టండి. రెండు వారాలకు సరిపడా చాలు. పిండిని వేడినీళ్లలో వేస్తే ప్రతి రేణువు చుట్టూ పొర కట్టి ఉండలవుతుంది. ముందు 2 పెద్ద చెంచాల పిండిని అర కప్పు చన్నీళ్లలో కలిపి, తర్వాత మరో కప్పు నీళ్లు పోసి, సన్నసెగ మీద తిప్పుతూ 8 నుంచి 10 నిమిషాలు ఉడికించండి. అరచెంచా నెయ్యి వేయండి. చెంచా వంచితే నీళ్లలా కారితే పలచనైనట్టు, దాంతో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. ఉగ్గు ఒక్కటే సరిపోదు, ఇనుము కోసం ఇంట్లో పప్పు, మెత్తగా ఉడికిన ఆకుకూర, గుడ్డు ఒక్కొక్కటే రెండు మూడు రోజుల ఎడంతో అలవాటు చేయండి. వాటినీ ఇంటి వంటలోంచే, ఉప్పూకారం పడకముందు తీసి మెదపండి.

ప్రశ్న: మా పాపకు పాలు పడవు. కొబ్బరిపాలతో పాయసం చేస్తే విరిగినట్టు అవుతోంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

పాలు పడవంటే రెండు రకాలు. పాలలోని చక్కెర అరక్క కడుపుబ్బరం వస్తే, చాలామందికి పెరుగు, మజ్జిగ కొద్దిగా పడతాయి. పాల మాంసకృత్తుకు అలర్జీ అయితే పెరుగు, నెయ్యి కూడా వద్దు. జీడిపప్పును కొబ్బరినూనెలో వేయించుకోవాలి. మీ పాపకు ఏదో ముందు డాక్టరుతో తేల్చుకోండి.

కొబ్బరిపాలు గట్టిగా మరిగితే అందులోని మాంసకృత్తు ముద్దకట్టి, నూనె విడిపోతుంది. ఒక కొబ్బరికాయ తురిమి, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లతో మొదటి పాలు, మరో 2 కప్పులతో రెండో పాలు తీయండి. బియ్యం పావు కప్పు, పెసరపప్పు 2 పెద్ద చెంచాలు కప్పున్నర నీళ్లలో మెత్తగా ఉడికించి, రెండో పాలు పోసి సన్నసెగ మీద మరో 5 నిమిషాలు. ముప్పావు కప్పు బెల్లం కాసిని నీళ్లలో విడిగా కరిగించి, వడగట్టి పోయండి. పొయ్యి ఆపి 5 నిమిషాలు ఆగాక మొదటి పాలు కలపండి. మళ్లీ వేడి చేయాల్సివస్తే పొగలు రాగానే దించేయండి, మరగనివ్వకండి.